రేడియోలోంచి వేలాడిన వైరు

నరసింహారావు కారెక్కే ముందు ఆ కారును తడిమి చూసేది ధనమ్మే. డ్రైవరు కాదు, పాలేరు కాదు, ఇంటి ఇల్లాలు. కొత్తగా మండలాలు పెట్టి, మండలాధ్యక్షుడి ఎన్నికలు వచ్చిపడిన ఏడు అది. గురజాల చుట్టుపక్కల వెనక నలుగురు మనుషులున్న ఇళ్ళన్నిటా అలాంటి కట్టుబాటు ఏదో ఒకటి ఉండేది. ఒకాయన డ్రైవరును ముందు ఒంటరిగా కాలవ దాకా తోలుకురమ్మని, వాడు క్షేమంగా తిరిగొస్తేనే చెప్పుల్లో కాలు పెట్టేవాడు. ఇంకొకాయన ముసుగేసుకుని బస్సులోనే తిరిగేవాడు, ఇంట్లో కారు పెట్టుకుని. నరసింహారావు మాత్రం, "నన్ను చంపదలిచినోడు డ్రైవరుకి డబ్బిస్తాడు, పాలేరుకి సారా పోస్తాడు. నా పెళ్ళానికేం పెట్టి కొంటాడు? అది బేరానికి కూర్చుంటే వాడే ఇల్లమ్ముకుని పోతాడు" అని నవ్వాడు.

నవ్వుతూ అన్న మాటే ధనమ్మకు రోజువారీ పనైంది. పొద్దున్నే తలారా నీళ్ళు పోసుకుని, బొట్టు పెట్టుకుని, పాలు దించి, వచ్చి ఆ తెల్ల అంబాసిడరు తలుపులు నాలుగూ బార్లా తీసేది. సీట్ల కింద చెయ్యి పోనిచ్చి ఈ కొస నుంచి ఆ కొసకు రుద్దేది, బియ్యంలో రాళ్ళేరినట్టు. చేతికి ఏం తగిలినా బయటికి లాగి చూసేది. బీడీ ముక్కలు, వేరుశెనగ పొట్టు, ఒకసారి ఎవరిదో ఒంటి చెవి దుద్దు. ఆ దుద్దు ఎవరిదో తేలేదాకా మొగుడికి మూడుపూటలా పచ్చడి మెతుకులే.

ఆ వేళ సీట్ల కింద ఏమీ లేదు. ముందు సీటు నుంచి లేవబోతూ, స్టీరింగు పక్కన, కారుతోపాటే కంపెనీవాళ్ళు పెట్టిచ్చిన రేడియో కింద చెయ్యి పెట్టింది. మెత్తగా ఏదో తగిలింది. వంగి చూస్తే జానెడు వైరు. నల్లగా, సన్నగా, రెండు పోగులు పెనవేసుకుని రేడియో లోపలినుంచి దిగి వేలాడుతోంది. చివర మేకులాంటి పిన్ను తళతళా మెరుస్తోంది.

రెంటచింతల దారిలో ధనమ్మావాళ్ళకు నాపరాయి క్వారీ ఉంది. అక్కడ రాయి పగలగొట్టడానికి తూటాలకు కట్టే వైరును పెళ్ళైన కొత్తలోనే చూసింది. అదీ ఇలాగే ఉంటుంది, రెండు పోగులు. చెయ్యి వెనక్కి తీసుకుంది. అరవలేదు. తలుపు వేస్తే అదిరి పేలుతుందేమోనని తలుపు కూడా వెయ్యలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వెనక్కి వెనక్కి నడిచి వరండా ఎక్కింది.

వరండాలో నరసింహారావు కాఫీ తాగుతున్నాడు. పక్కన ధనమ్మ తమ్ముడు ఆదినారాయణ పేపరు చూస్తున్నాడు. పెదకూరపాడులో పొలం కౌలుకిచ్చేసి, ఎన్నికల పని చూస్తానని అక్క ఇంట్లోనే మకాం పెట్టాడు.

"ఏమయ్యా, ఇయ్యాల నువ్వు కారెక్కవు."

"ఏందే, శకునం బాలేదా?"

"రేడియో కింద వైరుంది. మన క్వారీ వైరులాంటిది."

నరసింహారావు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. పాలేళ్ళు దూరంగా జరిగారు. సరిగ్గా అప్పుడే డ్రైవరు మరియదాసు బోరు దగ్గరనుంచి నీళ్ళ బకెట్టు, గుడ్డ పట్టుకుని కారు తుడవడానికి వచ్చాడు. రెంటచింతలవాడు, ఆ ఇంట్లో చేరినప్పటికి మీసం కూడా రాలేదు. అందరి చూపులూ కారు మీద ఉండటం చూసి, వాడూ చూసి, బకెట్టు దించాడు.

"అమ్మా... అది నాదే."

నాది కాదని ఉంటే బాగుండేది. నాదే అనేసరికి నరసింహారావు లేచి నిలబడ్డాడు.

"నాదేందిరా? నా కార్లో నీ వైరేందిరా?"

"టేపు కోసం అయ్యగారూ. మా బావమరిది విజయపురి సౌత్‌లో డ్యామోళ్ళ దగ్గర పనిచేస్తాడు గదా, పాత టేప్ రికార్డరు ఇచ్చాడు. మీరు మీటింగుల్లో కూర్చుంటే నేను ఎండలో బండి దగ్గర పొద్దుపోక చస్తున్నా. ఈ రేడియో కొండ దాటితే గురగురమంటది. టేపు పెట్టుకుందామంటే దాని గొంతు డబ్బాలో ఈగలాగా ఉంటది. అందుకని గురజాలలో రహీము చేత దాన్నీ దీన్నీ కలిపించా. టేపులో పాట ఈ రేడియో స్పీకర్లో పలుకుద్ది. అంతే."

"నాతో చెప్పావా?"

"చెబితే వద్దంటారని."

ఆదినారాయణ పేపరు మడిచాడు. తొందరపడే మనిషి కాదు. "బావా, ఒక్క మాట. మొన్న మాచర్ల నుంచి వస్తా, సాయిబుల పెద్దమనిషి అబ్దుల్ ఖాదరు ఇంటికి పోదామని ఎక్కడనుకున్నాం? కార్లోనే గదా. మనకంటే ముందు శ్రీమన్నారాయణ పోయి దండేసి వచ్చాడు. ఎట్టా తెలిసింది వాడికి?"

శ్రీమన్నారాయణ అంటే ఎన్నికల్లో నరసింహారావుకు ఎదురు నిలబడ్డవాడు. ఆ పేరు వినేసరికి వరండా అంతా బిగుసుకుంది. వైరు పేలదని తేలినందుకు ఊపిరి పీల్చుకున్న ధనమ్మకు ఇంకో భయం పట్టుకుంది. పేలే వైరు కంటే వినే వైరు చెడ్డది. పేలేది ఒకసారే పేలుతుంది.

అనుమానం ఆ ఇంట్లో ఉత్తినే పోయేది కాదు. రెండేళ్ళ కిందట కబుర్లు మోశాడని కోటయ్య అనేవాణ్ణి పట్టుకుంటే, వాడు ఇప్పటికీ ఎడమ చేత్తో అన్నం తింటున్నాడు. మోశాడో లేదో మాత్రం ఇంతవరకూ ఎవరికీ తెలియదు.

"రహీమును పిలిపియ్యండి" అంది ధనమ్మ.

రేడియోలు బాగుచేసే అబ్దుల్ రహీమ్ సైకిలు మీద వచ్చాడు. సంగతి విని నవ్వబోయి, నరసింహారావు ముఖం చూసి మానుకున్నాడు.

"అక్కా, రేడియోకి రెండు పనులుంటయ్. స్టేషను పట్టుకోవడం ఒకటి, పట్టుకున్నదాన్ని పెద్దగా పలికించడం ఒకటి. నేను మొదటిదాని జోలికే పోలా. సౌండు పెంచే మీట దగ్గర ఈ వైరు అతికించి, ఇదిగో, పక్కన చిన్న స్విచ్చి పెట్టా. ఇటేస్తే రేడియో, అటేస్తే టేపు. టేపుకి చెవిలో పెట్టుకునే పిన్ను దూర్చే బొక్క ఉంటది, దాంట్లో ఇది గుచ్చడమే."

"అంటే పాట వైరులోంచి లోపలికొస్తది."

"అవునక్కా."

"మా గుమ్మంలోంచి లోపలికొచ్చినోడు మళ్ళీ అదే గుమ్మంలోంచి బయటికి పోడా? మా మాటలు పోవా?"

"ఇది గుమ్మం కాదక్కా, పైపు. ఒక్కవైపే."

"పైపులో నీళ్ళు వెనక్కి తన్నడం నేను చూళ్ళేదనుకున్నావా?"

రహీముకు పౌరుషం వచ్చింది. "సరే, మీ కళ్ళతోనే చూడండి. టేపు గుచ్చి రికార్డు మీట నొక్కుతా. మీరు మాట్లాడండి. ఏమన్నా పట్టిందేమో చూద్దాం."

అక్కడ చేశాడు వాడు పొరపాటు. తన పనితనం మీద నమ్మకంలో ఇంకో సంగతి మరిచిపోయాడు. మరియదాసు తెచ్చిచ్చిన టేపు గుచ్చాడు, మీట నొక్కాడు. అందరూ కారు చుట్టూ మూగారు. చివరికి ధనమ్మే సీటు మీదికి వంగి, "రహీమూ, నువ్వు చెప్పేదంతా నేను నమ్మట్లా. మా ఇంటాయన గెలవాలి, శ్రీమన్నారాయణ మూతి పగలాలి" అంది.

రహీము టేపు వెనక్కి తిప్పి మీట నొక్కాడు. కారు తలుపుల్లోంచి, వెనక అద్దం దగ్గరినుంచి, ధనమ్మ గొంతే ఊరంతా వినిపించేటట్టు ఉరిమింది. "మా ఇంటాయన గెలవాలి, శ్రీమన్నారాయణ మూతి పగలాలి."

పాలేళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. రహీము నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "యా అల్లా! అది వైరు వినలేదక్కా, టేపు విన్నది. ఈ టేపుకే ఇక్కడ చిన్న మైకుంటది. నేను దాని సంగతే మర్చిపోయా. వైరు దారి వేరు, మైకు దారి వేరు..."

"వైరు వింటే ఏంది, పెట్టె వింటే ఏంది? కార్లో కూర్చుని మా మాటలన్నీ వింటది. అవునా కాదా?"

"రికార్డు మీట నొక్కితే వింటది. కానీ అక్కా..."

"నువ్వింక పో నాయనా."

రహీము పోయాడు. నరసింహారావు మరియదాసు వైపు తిరిగాడు. ఆ చూపు ధనమ్మకు తెలుసు. కోటయ్య వైపు తిరిగిన రోజు కూడా అదే చూపు. అడ్డం వెళ్ళి చెవిలో అంది. "ఇప్పుడేం చెయ్యమాకు. పెట్టె ఉంది సరే, వీడు మోస్తుండగా మనం చూడలా. రెండు రోజులు నాకు ఒదిలిపెట్టు. సాక్ష్యంతో సహా పట్టిస్తా."

మరియదాసును కాపాడాలని కాదు. వాడే దొంగ అని ఆమె మనసులో సగం పైగా తేలిపోయింది. ఇన్నేళ్ళు తన చేతి అన్నం తిని చెప్పకుండా కార్లో వైరు పెట్టించినవాడు ఇంకేం చెయ్యడు? కానీ పక్కా రుజువు కావాలి. కోటయ్య ఎడమ చెయ్యి నోటి దగ్గరికి పోవడం చూసినప్పుడల్లా ఆమెకు పక్కా రుజువు కావాలనిపించేది.

సాయంత్రం మరియదాసును దొడ్లోకి పిలిచి టేపు అడిగి తీసుకుంది. ఇనప్పెట్టెలో పట్టుచీరల కింద పెట్టి, తాళం మొలలో దోపుకుంది. మొగుడికి కూడా చెప్పలేదు. ఇక మిగిలింది వైరు, మనిషి. రెండిట్లో ఏదో తేల్చాలి. ముందు మనిషి లేకుండా ఒక అబద్ధం కార్లో వదలాలి. అది బయటికి పోకపోతే, మర్నాడు మనిషి ఉండగా ఇంకో అబద్ధం వదలాలి. అది పోయిందా, వాడు దొరికినట్టే.

మర్నాడు గురజాల పోయి వస్తుంటే కారాపించింది. "దాసూ, ఆ కొట్లో కొబ్బరికాయలు చూసి పట్టుకురా. ఆడించి చూడు, నీళ్ళున్నవే తీసుకో." వాడు దిగి కొట్లోకి పోయేదాకా చూసింది. అద్దాలు ఎక్కించింది. కార్లో ఆమె, మొగుడు, వెనక ఆమె పక్కనే ఆదినారాయణ.

"ఏమయ్యా, మంచి కబురు. పులిపాడోళ్ళు మనిషిని పంపారు. శ్రీమన్నారాయణని ఒదిలి మనవైపు వస్తారంట. రేపు పొద్దున రమ్మన్నారు, మాట్లాడుకుందామని."

"పులిపాడోళ్ళా! నిజంగా?" నరసింహారావు ముందు సీట్లోంచి గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఆయన సంబరం చూసి ధనమ్మకు జాలేసింది.

"అబ్బ, ఎంత మాట చెప్పావక్కా!" అన్నాడు ఆదినారాయణ.

మరియదాసు కొబ్బరికాయలు తెచ్చాడు. ఇంటికొచ్చాక ఆదినారాయణ సిగరెట్లు అయిపోయాయని బస్సెక్కి మళ్ళీ గురజాల పోయాడు. మరియదాసును ధనమ్మ ఎక్కడికీ పోనివ్వలేదు. పొద్దుగుంకేదాకా కంది కట్టె నరికించింది, రాత్రి వరండాలోనే పడుకోమంది.

తెల్లవారి పాలవేళకు పెరుగు అమ్మే బుజ్జమ్మ వచ్చింది. ఆమెది పులిపాడు. అక్కడినుంచే మొదటి బస్సుకు తట్ట ఎత్తుకుని వస్తుంది. తట్ట దించుతూనే, "వదినా, మా ఊళ్ళో రాత్రి ఏందో జాతర. శ్రీమన్నారాయణ జీపులేసుకుని దిగాడు. ఇంటింటికీ పోయి కాళ్ళు పట్టుకున్నంత పని. మీకేం తక్కువ చేశాం అమ్మా, ఎందుకు అవతలికి పోతున్నారమ్మా అని ఒకటే ఏడుపు. మావాళ్ళు ఎక్కడికి పోతున్నారో మావాళ్ళకే తెలవదు!" అని విరగబడి నవ్వింది.

వరండాలో గడ్డం గీయించుకుంటున్న నరసింహారావు సబ్బు మూతితోనే లేచాడు.

"గేటెయ్యండ్రా!"

మరియదాసును ఇద్దరు పట్టుకొచ్చి వాకిట్లో కూలేశారు. ఆదినారాయణ కూడా వచ్చాడు. "చెప్పలా బావా? వైరు పెట్టిందే అందుకు."

"నేను కార్లోనే లేనయ్యగారూ! కొబ్బరికాయలకి పోయా! నా టేపు కూడా అమ్మగారి దగ్గరే ఉంది!"

"ఒకటి ఇచ్చినోడివి ఇంకోటి దాచుకోలేవా? నువ్వు లేకపోయినా నీ వైరుంది గదరా" అన్నాడు ఆదినారాయణ.

ధనమ్మ పెరుగు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. టేపు ఇనప్పెట్టెలో ఉంది. తాళం ఇప్పటికీ మొలలో గుచ్చుకుంటోంది. మరియదాసు దిగాడు. అద్దాలు ఎక్కించి ఉన్నాయి. వైరు చివర ఉత్త గాలి. ఇక కార్లో ఉన్నది ముగ్గురు. ఆయన తన మీద తాను చెప్పుకోడు. తను చెప్పలేదు.

సిగరెట్లు. తమ్ముడి జేబులో పెట్టె నిండుగానే ఉంది, నిన్న కారెక్కేటప్పుడు చూసింది.

అమ్మ చనిపోయినప్పుడు వాడు పలక పట్టుకున్న పిల్లాడు. ధనమ్మే తెచ్చి పెంచింది. ఆ పేరు ఇప్పుడు పైకి అంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. బావమరిది అని నరసింహారావు ఒక్క దెబ్బ తగ్గించడు, పైపెచ్చు ఒకటి ఎక్కువే వేస్తాడు. అనకపోతే మరియదాసు. పాలేరు ఒకడు అప్పుడే కొట్టం వైపు పోతున్నాడు. కొట్టంలో గొడ్డళ్ళుంటాయి.

ధనమ్మ పెరుగు గిన్నె అరుగు మీద పెట్టి వాకిట్లోకి దిగింది.

"ఆపండి. పులిపాడు కబురు అబద్ధం. ఎవరూ మనిషిని పంపలా. నేనే పుట్టించా."

నరసింహారావు అర్థంకానట్టు చూశాడు. సబ్బు ముఖం మీద ఎండిపోతోంది.

"దాసుగాణ్ణి పట్టుకుందామని పుట్టించా. పుట్టించినదాన్ని కడుపులో ఉంచుకోలేకపోయా. నిన్న సాయంత్రం బోరు దగ్గర బిందెల వరసలో నలుగురిలో అనేశా. ఎవరు మోసుకుపోయారో నాకేం తెలుసు?"

"ఖాదరు సాయిబు మాటో?"

"అదీ నేనే. నువ్వు రాత్రి నాతో అన్నావు గదా. నాకు మాత్రం నోరు లేదా?"

ఆ ఊళ్ళో ధనమ్మ నోరు ఎంత గట్టిదో అందరికీ తెలుసు. తిట్టడానికి ఎంత పెద్దదో, గుట్టు విప్పడానికి అంత చిన్నది. బోరు దగ్గర ఆమె ఏనాడూ నాలుగు మాటలు మించి మాట్లాడిన మనిషి కాదు. బుజ్జమ్మ ఏదో అనబోయి తట్టలోకి చూసుకుంది.

నరసింహారావు పెళ్ళాం ముఖంలోకి చూశాడు. తర్వాత ఆమె భుజం మీదుగా వెనక్కి చూశాడు. అక్కడ ఆదినారాయణ సిగరెట్టు వెలిగించుకోబోతున్నాడు. అగ్గిపుల్ల అంటుకుని వేళ్ళదాకా వచ్చింది, సిగరెట్టు మాత్రం అంటుకోలేదు.

ఆ చూపు చాలాసేపు అక్కడే ఉండి తిరిగి వచ్చింది.

"ఆడముండని నమ్మి నాశనమైపోయా" అన్నాడు నరసింహారావు గట్టిగా, అందరూ వినేటట్టు. "ఇయ్యాల్టినుంచి నువ్వు కారు చాయలకి రామాకు. నా మాటలు నీ చెవిన పడకూడదు. ఒరేయ్, ఆణ్ణి ఒదలండ్రా. దాసూ, లే. ముఖం కడుక్కుని బండి తియ్యి."

మొగుడు నలుగురిలో అంత మాట అనడం అదే మొదలు. ధనమ్మ తల వంచుకుంది. అవమానం కంటే ముందు ఇంకొకటి ఆమెకు అందింది. ఆయన నమ్మలేదు. నమ్మినట్టు కనబడాలని తిట్టాడు, అంతే.

మరియదాసు వెళ్ళి వంగి ఆ వైరు పట్టుకుని పీకబోయాడు.

"ఉండనీరా" అన్నాడు నరసింహారావు సబ్బు తుడుచుకుని సీట్లో కూర్చుంటూ. "డబ్బు పెట్టి పెట్టించుకున్నావు గదా."

ధనమ్మ లోపలికి పోయి ఇనప్పెట్టె తీసి టేపు తెచ్చి కిటికీలోంచి అందించింది. మరియదాసు తీసుకున్నాడు. ఆమె వైపు చూడలేదు. ఇన్నేళ్ళలో వాడు ఆమె చేతిలోంచి ఏది తీసుకున్నా "అమ్మా" అనేవాడు. ఆ వేళ అనలేదు.

ఆదినారాయణ ఎప్పటిలాగే వెనక తలుపు తియ్యబోయాడు. లోపలినుంచి నరసింహారావు తలుపు మీద చెయ్యి వేశాడు.

"నువ్వొద్దు ఆదీ. మీ అక్క దగ్గరుండు. నేను పొద్దుగుంకేసరికి వస్తా."

రోజూ పొద్దుపోయాక వచ్చే మనిషి, ఎప్పుడొస్తానో ఏనాడూ చెప్పని మనిషి, వేళ చెప్పి పోయాడు. పొద్దుగుంకేలోగా ఆదినారాయణ ఇల్లు వదలాలని అక్కాతమ్ముళ్ళిద్దరికీ అర్థమైంది. కారు గేటు దాటింది. మలుపు దగ్గర కార్లోంచి పాట మొదలైంది, పెద్దగా, శుభ్రంగా. అదేం పాటో ధనమ్మకు తెలియలేదు.

"అక్కా, బావకి తెలిసిందంటావా?"

"నాకు తెలిసిందిరా. అది చాలదూ?"

వాడు అరుగు మీద కూర్చున్నాడు. ధనమ్మ నిలబడే అడిగింది. "ఏమిస్తానన్నాడు వాడు?"

"సిమెంటు ఫ్యాక్టరీకి రాయి తోలే కాంట్రాక్టు."

"మీ బావని అడిగితే ఇప్పించడా?"

"ఇప్పిస్తాడక్కా. ఎప్పుడూ అడిగేది నేనే గదా. శ్రీమన్నారాయణ నన్ను అడిగాడు. నన్ను ఒకళ్ళు అడగడం అదే మొదలు."

"దాసుగాడి చెయ్యి పోయేది."

"ఆడు డ్రైవరే గదక్కా."

ఆ మాట వినేదాకా ధనమ్మ కళ్ళలో నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. విన్నాక అవి ఎటు పోయాయో పోయాయి.

"పెదకూరపాడు పో. ఓట్లు అయ్యేదాకా కాదు, నేను కబురు చేసేదాకా రామాకు. పదకొండింటికి బస్సుంది. అన్నం తిని పో."

వాడు అలవాటుగా వెళ్ళి పీట వాల్చుకుని కూర్చున్నాడు. అమ్మ పోయిన నాటినుంచి ఆ ఇంట్లో వాడు తన చేత్తో వడ్డించుకుని ఎరగడు. ముద్ద గొంతు దిగకముందే అక్క చెయ్యి గిన్నెతో వచ్చేది.

"వంటింట్లో ఉంది. పెట్టుకు తిను" అంది ధనమ్మ వరండాలోంచే.

కాసేపటికి పళ్ళెం తీసిన చప్పుడైంది, గరిటె తగిలిన చప్పుడైంది.

"అక్కా, గోంగూర ఎక్కడుంది?"

ధనమ్మ చెప్పలేదు. రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. వాడే వెతుక్కున్నాడు కాబోలు, చాలాసేపటికి జాడీ మూత చప్పుడైంది.